సరుకుల పడవ వచ్చే దీవిలో కాపురం

లక్షద్వీపాల్లో చివరిదైన మినికాయ్‌కు దక్షిణంగా మొదలై, భూమధ్యరేఖను దాటేదాకా దాదాపు 870 కిలోమీటర్ల పొడవునా సముద్రంలో చెదురుమదురుగా పరచుకున్న 1,192 పగడపు దీవుల దేశం మాల్దీవులు. ఇన్ని దీవులనూ ఒకచోట కలిపి కొలిచినా నేల 300 చదరపు కిలోమీటర్లకు మించదు. అంటే విస్తరణకు ముందు 650 చదరపు కిలోమీటర్లున్న హైదరాబాద్ మహానగరంలో సగం కూడా కాదు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించే సుమారు 5 లక్షల 15 వేల మందిలో నాలుగో వంతు విదేశీయులే కాగా, వారిలో బంగ్లాదేశీయులు మొదటి స్థానంలోను, భారతీయులు రెండో స్థానంలోను ఉన్నారు. పర్యాటక ప్రకటనల్లో కనిపించే మాల్దీవులకూ, ఈ విదేశీయుల్లో ఎక్కువమంది బతికే మాల్దీవులకూ మధ్య పొంతన చాలా తక్కువ. 1972లో తొలి రిసార్టు వెలిసిన నాటినుంచీ ఆ దేశం ఒక దీవికి ఒక రిసార్టు అనే పద్ధతిని పాటించడం వల్ల విహారయాత్రికుల దీవులు వేరుగా, జనం కాపురముండే దీవులు వేరుగా ఏర్పడ్డాయి. రెండో రకానికి చెందిన సుమారు 190 దీవుల్లో బడిపంతుళ్లుగా, డాక్టర్లుగా, నర్సులుగా పనిచేస్తున్న భారతీయుల్లో మలయాళీలు, తమిళులతో పాటు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వారూ ఉన్నారు. ఈ వ్యాసం వారి దైనందిన జీవితం గురించి.

రాజధాని మాలేకు దూరంగా ఉండే ఒక మామూలు దీవిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి దాటడానికి పావుగంట, మహా అయితే అరగంట పడుతుంది. పడవల రేవు, మసీదు, బడి, ఆరోగ్యకేంద్రం, దీవి మండలి కార్యాలయం, డీజిల్‌తో కరెంటు పుట్టించే జనరేటర్ల షెడ్డు, నాలుగైదు దుకాణాలు, సెల్‌ఫోన్ టవరు ఉంటే ఊరు పూర్తయినట్టే. వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి గాని, చాలాచోట్ల వాటికి తారు గాని సిమెంటు గాని ఉండదు. పరచి ఉన్నది పగడం అరిగి ఏర్పడిన తెల్లటి ఇసుకే. తెల్లవారుజామున ఆడవాళ్లు కొబ్బరి ఈనెల చీపుళ్లతో ఆ ఇసుక మీద రాలిన ఆకులను ఊడ్చి, చీపురు గీతలు వరసగా కనిపించేలా వదిలిపెడతారు. పాత ఇళ్ల ప్రహరీలు పగడపు రాళ్లతో కట్టినవి. ఇంటి ముందో, రేవు దగ్గరో ఇనుప చట్రానికి తాళ్లు అల్లి చేసిన కుర్చీలు వరసగా ఉంటాయి. వాటిని జోలి అంటారు. సాయంత్రం ఊరి వ్యవహారాలన్నీ అక్కడే తేలతాయి కనుక, కొత్తగా దిగిన విదేశీయులెవరు, ఏ ఇంట్లో గది తీసుకున్నారు, ఏ పడవలో వచ్చారు, వెంట ఎన్ని పెట్టెలు తెచ్చారు అన్నది ఆ రాత్రికే ఊరంతటికీ తెలిసిపోతుంది. వెయ్యి మంది ఉండే ఊళ్లో దాపరికం ఎవరికీ చెల్లదు.

అక్కడికి చేరడమే ఒక పెద్ద పని. విమానం దిగేది మాలే పక్కనున్న హుల్హులే అనే దీవిలో. 2018లో చైనా సాయంతో వంతెన కట్టేదాకా విమానాశ్రయం నుంచి రాజధానికి వెళ్లాలన్నా పడవే దిక్కు. అక్కడినుంచి సొంత దీవికి దూరాన్నిబట్టి స్పీడుబోటు గాని, నిదానంగా సాగే ఫెర్రీ గాని, దేశీయ విమానం ఎక్కి ఆపైన మరో పడవ గాని పట్టుకోవాలి. చాలా ఫెర్రీలు శుక్రవారం నడవవు. సముద్రం బాగోలేకపోతే ఏ వారమూ నడవవు. సామాను విషయంలోనూ ముందు చూపు ఉండాలి. తెలుగువారి పెట్టెలో ఆవకాయ, చింతపండు, కందిపొడి, ప్రెషర్ కుక్కరు, దాని రబ్బరు చుట్టలు రెండు మూడు అదనంగా ఉండటం మామూలే, ఎందుకంటే ఆ చుట్ట పాడైతే దీవిలో దొరకదు. అయితే పంది మాంసం, మద్యం, పూజ కోసం తెచ్చే విగ్రహాలు కస్టమ్స్ వారు అనుమతించని వాటి జాబితాలో ఉన్నాయి. మాల్దీవులు రాజ్యాంగరీత్యా ఇస్లామిక్ దేశం; ఇతర మతాల విదేశీయులు తమ గదిలో తాము ప్రార్థన చేసుకోవచ్చు గాని, బహిరంగంగా పూజలూ ఉత్సవాలూ జరపడానికి వీల్లేదు. కనుక అక్కడ వినాయక చవితి అంటే తలుపు వేసుకుని ఉడికించుకున్న ఉండ్రాళ్లే.

దీవిలో అడుగుపెట్టిన ప్రవాసి మొదట నేర్చుకోవలసిన పాఠం నీటికి సంబంధించినది. పగడపు దీవికి నదులు లేవు, చెరువులు లేవు. అయినా ఇసుకలో రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. దీని వెనక ఉన్న సూత్రం చిన్నదే. మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కనుక, కురిసిన వాన బొరియలున్న పగడపు నేలలోకి ఇంకి, కిందినుంచి పొంగివచ్చే సముద్రపు నీటి మీద తేలుతూ నిలుస్తుంది. మధ్యలో మందంగా, ఒడ్డుకు పోయేకొద్దీ పలచగా ఉండే ఈ నిల్వను దాని ఆకారాన్ని బట్టి మంచినీటి కటకం అంటారు. నీటి మట్టం సముద్రం కంటే ఒక అడుగు పైన ఉంటే దాని కింద దాదాపు 40 అడుగుల మంచినీరు ఉండాలని శాస్త్రం లెక్క కడుతుంది గాని, ఆటుపోట్లు రెండు నీళ్లనూ కలిపేస్తూ ఉండటం వల్ల చిన్న దీవుల్లో అంత లోతు దక్కదు. పైగా ఒక్కచోటే మోటారు పెట్టి వేగంగా తోడితే కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుకొస్తుంది; మరుగుదొడ్ల గుంటలు దగ్గరగా ఉంటే అంతా కలుషితమవుతుంది. రాజధానిలో అదే జరిగింది. జనం పెరిగి, కటకం పాడై, 1978లో కలరా ప్రబలాక, మాలే క్రమంగా బావులను వదిలి సముద్రపు నీటిని శుద్ధిచేసి వాడుకోవడం మొదలుపెట్టింది. ఉప్పును ఆపి నీటిని మాత్రమే పోనిచ్చే సన్నని పొరల గుండా సముద్రపు నీటిని గట్టి ఒత్తిడితో నెట్టే ఈ పద్ధతికి తెలుగు ఇళ్లల్లో వాటర్ ఫిల్టరు పుణ్యమా అని ఆర్వో అన్న పేరు సుపరిచితమే.

ఫలితంగా బయటి దీవుల్లోని ఇంట్లో మూడు రకాల నీళ్లు మూడు పనులకు పనికొస్తాయి. గిన్నెలకు, బట్టలకు, మరుగుదొడ్డికి బావి నీరు; అది కొంచెం ఉప్పగా, ఒక్కోసారి వాసనగా ఉండి, సబ్బు నురగను పట్టనివ్వదు, తలస్నానం చేస్తే జుట్టు బిరుసెక్కుతుంది. వంటకూ తాగడానికీ ఇంటి కప్పు మీద పడిన వాన నీటిని గొట్టాల ద్వారా పెద్ద ప్లాస్టిక్ ట్యాంకుల్లోకి పట్టి ఉంచుతారు. 2004 డిసెంబరు సునామీలో ఉప్పునీరు దీవుల మీదుగా పారి బావులు పాడైన తర్వాత ఈ ట్యాంకులు మరింతగా వ్యాపించాయి. మూడోది దుకాణంలో కొనే సీసా నీరు. ఎండాకాలం చివర ట్యాంకులు అడుగంటితే మాలే నుంచి పడవల్లో నీళ్లు తెప్పించుకునే దీవులు ఇప్పటికీ ఉన్నాయి. ఇటీవలి కాలంలో చాలా దీవుల్లో ఆర్వో ప్లాంట్లు వచ్చి కొళాయిలు పడ్డాయి కనుక ఈ ఇబ్బంది క్రమంగా తగ్గుతున్నది గాని, యంత్రం మీద ఆధారపడిన నీటికి యంత్రం తాలూకు గండం ఉంటుంది. 2014 డిసెంబరు 4న మాలేలోని శుద్ధి కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి లక్ష మందికి పైగా ఉన్న నగరంలో ఒక్కసారిగా కొళాయిలు ఆగిపోయినప్పుడు, భారతదేశం విమానాల్లో తాగునీరు పంపి, నీటిని శుద్ధిచేసే సదుపాయమున్న ఐఎన్ఎస్ సుకన్య నౌకను రేవుకు తరలించవలసి వచ్చింది. చుట్టూ సముద్రమే ఉన్న రాజధానికి తాగునీళ్లు ఆకాశమార్గాన వచ్చాయి.

నీటి తర్వాత తిండి. చేప, కొబ్బరి, కొద్దిగా కూరగాయలు తప్ప మాల్దీవులు తినేదంతా దాదాపుగా బయటి దేశాల నుంచి వస్తుంది. బియ్యం, గోధుమపిండి, పంచదారలను ప్రభుత్వ వాణిజ్య సంస్థ దిగుమతి చేసుకుని సబ్సిడీ ధరకు అమ్ముతుంది కనుక వాటికి కరువు లేదు. అసలు సమస్య పచ్చి సరుకుది. మాలే రేవులో ఉల్లి, బంగాళాదుంప, కోడిగుడ్లు, క్యాబేజీ, టమాటా నింపుకున్న సరుకుల పడవ వారానికి ఒకసారో రెండుసార్లో దీవికి వస్తుంది. ఆ రోజు సాయంత్రం దుకాణాల ముందు సందడి వేరు. పచ్చిమిర్చి, కొత్తిమీర, వంకాయ ఉన్న అట్టపెట్టెలు విప్పేలోపే సగం ఖాళీ అవుతాయి. బేరసారాలకు తావు లేదు. దుకాణదారు చెప్పిందే ధర, అదీ మాలే ధర మీద పడవ కిరాయి కలుపుకొని. అనుభవమున్న ప్రవాసులు పడవ రేవు విడిచిందన్న కబురు వైబర్‌లో (ఆ దేశంలో ఊరి కబుర్లన్నీ ఆ యాప్‌లోనే నడుస్తాయి) తెలియగానే తమకు కావలసినవి దుకాణదారుకు ముందే చెప్పి పక్కన పెట్టించుకుంటారు. రెండో రోజుకు మిగిలేవి వాడిన క్యాబేజీ, మొలకెత్తిన దుంపలే. సముద్రం అలజడిగా ఉండి పడవ రాని వారంలో కోడిగుడ్డు కూడా అపురూపమే.

ఈ పడవ వెనక దేశాల మధ్య ఒప్పందం ఒకటి ఉంది. 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద, భారతదేశం ఇతర దేశాలకు ఎగుమతులను ఆపివేసిన సమయంలో సైతం మాల్దీవులకు కొన్ని నిత్యావసరాలను నిర్ణీత మోతాదులో పంపుతూ ఉంటుంది. 2024-25 సంవత్సరానికి ప్రకటించిన కోటాలో దాదాపు 42 కోట్ల 75 లక్షల కోడిగుడ్లు, 35 వేల టన్నులకు పైగా ఉల్లిపాయలు, లక్షా 24 వేల టన్నుల బియ్యం ఉండగా, పప్పు మాత్రం 224 టన్నులు. తెలుగువారు ఈ చివరి అంకెను చూసి నిట్టూర్చడం సహజమే, అయితే అది దివేహీల, అంటే మాల్దీవుల స్థానికుల, భోజనం తీరుకు అద్దం పడుతుంది. పప్పు చేసే పనిని వారి కంచంలో ట్యూనా చేప చేస్తుంది.

నిజానికి మాల్దీవుల వంట తెలుగు నాలుకకు పూర్తిగా పరాయిది కాదు. పొద్దుటి ఫలహారమైన మస్‌హుని, చేప ముక్కలను కొబ్బరి కోరు, ఉల్లి, మిరప, నిమ్మరసంతో చేత్తో పిసికి కలిపినది. దాన్ని చపాతీని పోలిన రోషితో తింటారు. చేప ఉడికించిన చారును గరుధియా అంటారు, అదే చారును గంటల తరబడి మరిగించి చిక్కబరిస్తే ముదురు గోధుమ రంగు ముద్దగా మారి నెలల తరబడి నిల్వ ఉండే రిహాకురు అవుతుంది. మాంసాహారులకు ఇవి నెల రోజుల్లో అలవాటవుతాయి. చిక్కంతా శాకాహారులదే. సాయంత్రం టీ వేళ హోటళ్లలో అమ్మే చిరుతిళ్లలో బజియా అనేది చూడటానికి సమోసాలా, వినడానికి మన బజ్జీలా ఉన్నా లోపల కూరేది చేపే. గుల్హా, మస్‌రోషి సంగతీ అంతే. అందుకని శాకాహారులు బయటి తిండి మానుకుని వంటగదినే నమ్ముకుంటారు. వారికి ఊరట పెరట్లో ఉంది: దాదాపు ప్రతి దీవిలోనూ కరివేపాకు, మునగ, గుమ్మడి, అరటి, బొప్పాయి, పనస జాతికే చెందిన బ్రెడ్‌ఫ్రూట్ పెరుగుతాయి. మునగాకును స్థానికులే చేపతో కలిపి వండుకుంటారు కనుక ఇంటివారిని అడిగితే కొమ్మ విరుచుకోనిస్తారు. మునగాకు పప్పు, కరివేపాకు పొడి ఉన్నాక పడవ రెండు రోజులు ఆలస్యమైనా తెలుగు ఇల్లు గడిచిపోతుంది.

పడవ వేళను నిర్ణయించేది గాలి. మే నుంచి నవంబరు దాకా నైరుతి గాలులు వీచే కాలాన్ని హుల్హంగు అని, డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఈశాన్య గాలుల పొడి కాలాన్ని ఇరువై అని పిలుస్తారు. ఈశాన్య ఋతుపవనమంటే కోస్తాంధ్రకు వానలు, తుపానుల భయం. మాల్దీవుల ఉత్తర, మధ్య దీవుల్లో అది సముద్రం అద్దంలా నిలిచి, ట్యాంకుల్లో నీళ్లు తరిగిపోయే కాలం. ఇంతకంటే ఆసక్తికరమైనది ఆ కాలాలను వారు విభజించుకునే పద్ధతి. సంవత్సరాన్ని 13, 14 రోజుల చొప్పున 27 భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని నకై అంటారు. అస్సిద, బురుణు, కెతి, రోణు, మియహెలి, అద అని సాగే ఆ పేర్లు వరసగా అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్రలే. తెలుగు రైతు ఏ కార్తెలో ఏ విత్తు వేయాలో చూసుకున్నట్టే దివేహి జాలరి ఏ నకైలో ఏ చేప పడుతుందో, ఎప్పుడు గాలివాన వస్తుందో, ఏ రోజుల్లో దూరప్రయాణం కూడదో లెక్క చూసుకుంటాడు. మన రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలైతే వారి రోణు నాలుగైదు రోజుల ముందే వస్తుంది. ఇక్కడ రోళ్లు పగిలే ఎండలు కాసే సమయానికి అక్కడ జడివాన కురుస్తూ ఉంటుంది. పన్నెండో శతాబ్దంలో ఇస్లాం స్వీకరించిన దేశంలో నక్షత్రాల పంచాంగం ఎనిమిది వందల ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలవడానికి కారణం దాని ఉపయోగమే.

ఎండ విషయంలో తెలుగువారికి అక్కడ పెద్ద కష్టం ఉండదు. ఏడాది పొడుగునా ఉష్ణోగ్రత 25 నుంచి 31 డిగ్రీల మధ్యనే ఊగుతుంది, రామగుండం ఎండ గాని, ఆదిలాబాద్ చలి గాని లేవు. భూమధ్యరేఖకు దగ్గర కావడం వల్ల పగలూ రాత్రీ ఎప్పుడూ ఇంచుమించు సమానంగా ఉండి, సంవత్సరంలో ఏ నెలలోనైనా సాయంత్రం ఆరింటి ప్రాంతంలో చీకటి పడుతుంది. పీడించేది తేమ, దానిలోని ఉప్పు. బీరువాలో మడిచి పెట్టిన పట్టుచీర మీద వానాకాలంలో బూజు పడుతుంది, తోలు చెప్పులు పచ్చబడతాయి, కత్తెర, సైకిలు గొలుసు, కిటికీ బందులు, ఫ్యాను మరలు తుప్పు పడతాయి, ల్యాప్‌టాప్ కీలు ఒక్కటొక్కటిగా మొండికేస్తాయి. సర్టిఫికెట్లను ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచిని బియ్యపు డబ్బాలో దాచే ఉపాధ్యాయులున్నారు. బియ్యం తేమను లాగుతుందన్నది వారి నమ్మకం.

వారం అక్కడ ఆదివారంతో మొదలవుతుంది. సెలవులు శుక్ర, శనివారాలు. గడియారం భారతదేశం కంటే అరగంట వెనక నడుస్తుంది కాబట్టి, ఇంటికి ఫోన్ చేసేవారికి వేళ లెక్కలు పెద్దగా అవసరం లేదు గాని, ఇంట్లోవారు తీరిగ్గా ఉండే ఆదివారం వీరు బడిలో ఉంటారు. నమాజు వేళ దుకాణాలు కాసేపు మూసి మళ్లీ తెరుస్తారు. రంజాన్ నెలలో పగటిపూట హోటళ్లు ఉండవు, బహిరంగంగా తినడం, తాగడం నిషిద్ధం. విదేశీయులు ఇంట్లో తిని బయటికి వస్తారు. అదే నెలలో ఉపవాసం విడిచే వేళకు పొరుగింటివారు పళ్లెం నిండా చిరుతిళ్లు, పళ్లరసం పంపడం, దానికి బదులుగా తెలుగు ఇంటినుంచి పులిహోరో గారెలో వెళ్లడం జరుగుతుంది. మతం విషయంలో చట్టం ఎంత కట్టుదిట్టంగా ఉన్నా, పొరుగు వ్యవహారం ఇలా పళ్లేల మీద నడిచిపోతుంది.

ఇంతమంది విదేశీ ఉపాధ్యాయులు ఈ దీవులకు ఎందుకు కావలసి వచ్చారన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. 1960ల ఆరంభంలో మాలే బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. ఆ తర్వాత లండన్, కేంబ్రిడ్జి బోర్డుల పదో తరగతి స్థాయి పరీక్షలు ప్రమాణమయ్యాయి. ఆ సిలబస్ బోధించగలవారు దేశంలో లేరు. మొదట శ్రీలంక నుంచి, ఆపైన భారతదేశం నుంచి ఉపాధ్యాయులను రప్పించారు. దివేహి భాష, ఇస్లాం స్థానికులే చెబుతారు. లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వాణిజ్యశాస్త్రం, ఇంగ్లీషు చాలాకాలం బయటివారి చేతుల్లో నడిచాయి. దివేహిని కుడినుంచి ఎడమకు రాసే తాన లిపి రాకపోయినా పాఠం చెప్పడానికి అడ్డు లేదు, ఎందుకంటే పిల్లలకు ఇంగ్లీషు వచ్చు; కాని తల్లిదండ్రులతో, రేవులో పడవవాడితో మాట్లాడాలంటే దివేహి కొద్దిగానైనా రావాలి. ఒకే దీవిలో నాలుగేళ్లు గడిపినవారు దాన్ని ధారాళంగానే మాట్లాడతారు. తరగతిలో ముప్పై, నలభై కాక ఇరవై మంది లోపు పిల్లలే ఉండటం, సాయంత్రం అదే పిల్లలు సముద్రంలో ఈదుతూ చేతులూపడం తెలుగు నేలమీద ప్రైవేటు కాలేజీల ఒత్తిడి చూసి వచ్చినవారికి వింతగా ఉంటుంది. ట్యూషన్లకు గిరాకీ బాగా ఉన్నా, అనుమతిపత్రంలో పేరున్న యజమాని దగ్గర తప్ప వేరేచోట సంపాదించడం చట్టం ఒప్పని పని.

సంపాదించిన డబ్బును ఇంటికి పంపడంలోనే అసలు తిరకాసు ఉంది. జీతం రుఫియాల్లో వస్తుంది. రుఫియాకు మాల్దీవుల బయట మారకం లేదు కనుక డాలర్లుగా మార్చాలి. 2011 నుంచి డాలరు ధరకు 15.42 రుఫియాలు గరిష్ఠ పరిమితిగా ఉంది, కాని దేశానికి డాలర్లు తెచ్చేది పర్యాటకం, ఖర్చుపెట్టించేది దిగుమతులు కావడంతో కొరత తరచూ ఏర్పడుతుంది. బ్యాంకులు మనిషికి ఇంతని పరిమితి విధిస్తాయి; మిగిలినది బయటి బజారులో 17 దాటిన ధరకు కొనవలసి రావచ్చు, అంటే కాగితం మీద కనిపించే జీతంలో పదో వంతు మారకంలోనే కరిగిపోతుంది. 1974 నుంచి మాలేలో ఉన్న భారతీయ స్టేట్ బ్యాంకు శాఖ చాలామందికి ఆధారం. 2016 అక్టోబరులో విదేశీయులు పంపే సొమ్ము మీద 3 శాతం పన్ను వేసి, 2020 ఆరంభంలో ఎత్తేశారు. ఉద్యోగానికి వెళ్లదలచినవారు ఒప్పందంలో జీతం ఎంతన్నది ఒక్కటే చూసి సంతకం చేయడం పొరపాటు. దీవిలో గది అద్దె ఎవరు కడతారు, ఏటా ఇంటికి వెళ్లే టికెట్టు ఎవరిది, డాలర్లలో ఎంత భాగం ఇస్తారు అన్నవే తేడా తెచ్చే ప్రశ్నలు.

అనారోగ్యం వచ్చినప్పుడు దీవి ఎంత చిన్నదో తెలుస్తుంది. ఆరోగ్యకేంద్రంలో డాక్టరు ఉంటారు, తరచుగా వారూ విదేశీయులే. జ్వరానికి, డెంగీ పరీక్షకు, చిన్న గాయానికి అక్కడ సరిపోతుంది. అంతకు మించితే పెద్ద దీవిలోని ఆసుపత్రికి స్పీడుబోటులో, అక్కడా కుదరకపోతే భారత్ సాయంతో వెలసి 1995లో తెరిచిన మాలేలోని ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకా పెద్ద వైద్యానికి మాల్దీవుల పౌరులే తిరువనంతపురం వస్తారు. నెలలు నిండిన గర్భిణులు ముందుగానే మాలేకో స్వదేశానికో చేరుకోవడం ఆనవాయితీ. హుల్హంగు గాలిలో రాత్రివేళ స్పీడుబోటు ప్రయాణం ఆరోగ్యవంతులకే ఒళ్లు హూనం చేస్తుంది. 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఆగి వేలమంది భారతీయులు దీవుల్లో చిక్కుకుపోగా, వారిని తరలించడానికి భారత నౌకాదళం చేపట్టిన సముద్రసేతు కార్యక్రమంలో మొదటి నౌక ఐఎన్ఎస్ జలాశ్వ మే 10న 698 మందిని మాలే నుంచి కొచ్చికి చేర్చింది.

రాజధానిలో ఉండే ప్రవాసుల బతుకు దీనికి పూర్తిగా భిన్నం. రెండు చదరపు కిలోమీటర్లలో ఇరుకుగా కిక్కిరిసిన ఆ నగరంలో నీళ్లు, కూరగాయలు, భారతీయ హోటళ్లు అన్నీ ఉన్నా, లేనిది చోటు. జీతంలో పెద్ద వాటా అద్దెకే పోతుంది. 1997 నుంచి సముద్రాన్ని పూడ్చి కట్టిన హుల్హుమాలేకు చాలామంది మారారు. అయితే అక్కడి భవనాలు కట్టిన బంగ్లాదేశీ కూలీలకు ఆ మాత్రం గది కూడా దక్కదు. ఒక గదిలో పది పన్నెండు మంది వంతులవారీగా నిద్రపోవడం, ఊళ్లో అప్పుచేసి ఏజెంటుకు కట్టిన సొమ్ము తీరకముందే పత్రాలు చెల్లనివై దొంగచాటుగా బతకడం అక్కడ తెలియని విషయం కాదు. ఉపాధ్యాయుడికి, మేస్త్రీ కింద పనిచేసే కూలీకి చట్టం ముందు హోదా ఒకటే, ఇద్దరూ అనుమతిపత్రం మీద ఉన్న విదేశీ కార్మికులే. బడి, ప్రభుత్వం వహించే పూచీ మొదటివారిని కాపాడుతుంది, రెండోవారికి అది లేదు. భారతీయ వృత్తినిపుణులు తమ కష్టాలు చెప్పుకునేటప్పుడు ఈ తేడాను తరచుగా మరిచిపోతారు.

ఎన్నేళ్లున్నా అక్కడ స్థిరపడే దారి మాత్రం లేదు. 2008 రాజ్యాంగం ప్రకారం ముస్లిమేతరులకు పౌరసత్వం రాదు. విదేశీయులు భూమిని సొంతం చేసుకోలేరు. ఒప్పందం ఏడాదికో రెండేళ్లకో ముగిసి, పొడిగించకపోతే అనుమతి రద్దయి తిరుగు ప్రయాణం కట్టాలి. మరోవైపు, 2011లో విశ్వవిద్యాలయ హోదా పొందిన మాల్దీవుల జాతీయ విశ్వవిద్యాలయం నుంచి శిక్షణ పొందిన స్థానిక ఉపాధ్యాయులు ఏటా వస్తుండటంతో ప్రాథమిక తరగతుల్లో బయటివారి అవసరం దాదాపు తీరిపోయింది. మాలేలో, పెద్ద దీవుల్లో హైస్కూలు పోస్టులూ క్రమంగా స్థానికుల చేతికి వస్తున్నాయి. ఇప్పుడు విదేశీయులకు మిగులుతున్నవి స్థానికులు వెళ్లడానికి ఇష్టపడని దూరపు దీవుల్లోని లెక్కలు, సైన్సు ఖాళీలు, వాటితో పాటు ఆరోగ్యకేంద్రాల్లోని నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు. అంటే సరుకుల పడవ అన్నిటికంటే ఆలస్యంగా చేరే రేవులు.